ఉత్తుత్తి బోర్డు

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేస్తున్నప్పుడు మా సార్ మమ్మల్ని ఫిల్మ్‌నగర్‌లో ఒక షూటింగ్‌కు తీసుకెళ్లారు, లైటింగ్ పని చూపిద్దామని. "ఏ బోర్డు కనబడ్డా ముందుగాల టెస్టర్ పెట్టుండ్రి" అని ఆయన రోజూ చెప్పేవారు.

లోపల ఇంటి సెట్ వేశారు. కెమెరాకు కనబడని మూలలో, గోడకు ఆనుకుని నిలబడ్డాను. భుజం పక్కనే స్విచ్‌బోర్డు! చెయ్యి ఊరుకోలేదు. టెస్టర్ పెట్టాను. వెలగలేదు. కంగారుగా, "సార్, గీ బోర్డుల కరెంట్ వస్తలేదు!" అని అరిచేశాను.

"కట్!" అన్నారు డైరెక్టర్. అప్పటిదాకా మంచం మీద ప్రాణం విడుస్తున్న నటుడు లేచి కూర్చుని నన్ను చూశాడు. గోడ ప్లైవుడ్‌ది, బోర్డు ఉత్తుత్తిది! అందరూ పకపకా నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది.

సార్ తిడతారనుకున్నాను. ఆయన డైరెక్టర్ దగ్గరికెళ్లి, "తప్పు నాదే సార్, నేనే గట్ల నేర్పిన. మీ బోర్డు ఉత్తదైనా మా పిల్ల అలవాటు అసలుదే" అన్నారు.

ఇప్పుడు నేను సెట్లలోనే పనిచేస్తున్నాను. బోర్డు కనబడితే ఇప్పటికీ టెస్టర్ పెడతాను. లైట్‌మెన్ నవ్వుతారు. నవ్వనీ, ఆ నవ్వు వినబడితే ఆ రోజులాగే మా సార్ నా పక్కనే ఉన్నట్టుంటుంది.