నేల తాతకు కాపలా

మొన్న శనివారం మా అమ్మాయి నన్ను సింగపూర్ బుకిట్ పంజాంగ్‌లో మా ఇంటికి దగ్గర్లో కొత్తగా తెరిచిన థాయ్ హోటల్‌కు తీసుకువెళ్ళింది. బిల్లు కట్టే బల్ల వెనక, గోడకు కొట్టిన చెక్క మీద, బంగారు రంగు కప్పున్న బొమ్మరిల్లు ఒకటి కనిపించింది. దాని ముందు మూత తీసి, స్ట్రా వేసి పెట్టిన ఎర్ర సోడా సీసా. "సో క్యూట్ లా, మమ్మీ!" అంటూ అది ఫోటో తీసుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ముక్కూ మొహం తెలియని వాళ్ళ సోడా సీసా మీద ఇన్నేళ్ళ తర్వాత ఇంత కోపం రావడం నాకే వింతగా అనిపించింది. ఏమైందని అడిగితే, "నువ్వు కడుపులో ఉండగా ఇలాంటి బొమ్మరింటి గురించి మనింట్లో యుద్ధం జరిగింది" అన్నాను. అది నమ్మలేదు.

అవి చాంగీ బిజినెస్ పార్కులో బ్యాంకుల ఆఫీసులు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న రోజులు. ఏ విమానం దిగినా అందులో నలుగురు తెలుగు ప్రోగ్రామర్లుండేవారు. మావారూ అలా దిగినవారే. ఉద్యోగం ఇట్టే దొరికింది గాని ఇల్లు దొరకలేదు. ఫోన్‌లో మా గొంతు వినగానే "ఇండియన్? సారీ, కుకింగ్ స్మెల్" అని పెట్టేసేవారు. చివరికి పాసిర్ రిస్ దగ్గర, గోడకు గోడ ఆనుకుని ఉండే వరస ఇళ్ళలో, ఒక ఇంటి కింది భాగం దొరికింది. ఇంటావిడది థాయ్‌లాండ్. చైనీయుడైన భర్త పోయాక పై అంతస్తులో ఒక్కతే ఉండేది. పొట్టి మనిషి, గట్టి గొంతు. అందర్నీ పిలిచినట్టే ఆమెనూ ఆంటీ అనేవాళ్ళం. ఆ పిలుపులో ఉండే చనువు ఆమె మొహంలో ఏనాడూ కనిపించలేదు.

గేటు లోపల, మా కిటికీకి ఎదురుగా, నాలుగు సన్నటి కాళ్ళ మీద నిలబడి ఉండేది ఆ బొమ్మరిల్లు. లోపల ఒక ముసలాయన, ముసలావిడ బొమ్మలు. వసారాలో చెక్క ఏనుగులు, నాట్యమాడే అమ్మాయిలు. ఆ నేలకు అసలు యజమాని ఆ తాతేనట. రోజూ పొద్దున్నే ఆంటీ అగరొత్తులు వెలిగించి, అన్నం, అరటిపండు, మల్లెదండ, ఎర్ర సోడా పెట్టేది. మేము చేరిన రోజే మమ్మల్ని దాని ముందు నిలబెట్టింది. "హౌస్ మైన్. ల్యాండ్ హిజ్. యూ ఆస్క్ ఫస్ట్" అంది. "వర్క్ పాస్ మీద ఈయన కూడా స్టాంపు వెయ్యాలేమో" అని మావారు తెలుగులో గొణిగి, అగరొత్తి గుచ్చి ఆఫీసుకు పరుగెత్తారు. అంతవరకూ పెద్ద గొడవలేమీ లేవు. ఆ తీపికి చేరిన చీమలు వరస కట్టి మా గదిలోకి వచ్చేవి, అంతే.

నాకు ఏడో నెల నిండాక ఒంగోలు నుంచి అత్తగారు వచ్చారు. పసుపు, కారం, గోంగూర పచ్చడితో పాటు ఎవరికీ లొంగని స్వభావాన్ని కూడా వెంట తెచ్చుకున్నారు. వచ్చిన మర్నాడే చీమలకని గుమ్మం ముందు పసుపు గీత గీశారు. శుక్రవారం నాడు నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది గడపకు రెండు వైపులా పెట్టారు. ఆంటీ మెట్లు దిగి అది చూసి కెవ్వుమంది. ఎర్రరంగు పూసిన నిమ్మకాయ చెక్కలు తాత వైపు చూస్తున్నాయంటే అది చేతబడి కాక మరేమిటని ఆమె నమ్మకం. మర్నాడు ఎవరో కాషాయం గుడ్డల స్వామిని పిలిపించి మా గుమ్మం మీద నీళ్ళు చల్లించింది. ఆ నీళ్ళు అత్తగారి మడిబట్ట మీద పడ్డాయి.

ఇక అక్కడినుంచి ఇద్దరూ ఊపిరి పీల్చుకోలేదు. గోడవారనున్న మల్లెమొక్కకు ఆంటీ తెల్లవారగానే మొగ్గైనా మిగల్చకుండా కోసేది. అత్తగారు అంతకన్నా ముందే లేవడం మొదలుపెట్టారు. ఆరేసిన చీర నీడ తాత మీద పడిందని ఆంటీ దాన్ని దండెం మీంచి లాగి నేల మీద పారేసింది. "దీని చేతులు పడిపోను! నీడకు కూడా అంటు ఏంది?" అని అత్తగారు వీధి దాకా వినిపించేటట్టు అరిచారు. ఒకరి మాట ఒకరికి ఒక్క ముక్క తెలియదు. అయినా ఏ తిట్టూ ఊరికే పోలేదు. ప్రతిదానికీ తగ్గ జవాబు వెంటనే వచ్చేది. మధ్యలో పొట్ట పట్టుకుని నిలబడే నన్ను ఇద్దరూ దుబాసీగా వాడుకునేవారు. నేను సగం మింగేసి మిగతా సగం చెప్పేదాన్ని. చివరికి ఒకనాడు ఆంటీ, "ఎండ్ ఆఫ్ మంత్, యూ ఆల్ గో" అని తేల్చేసింది. నాకు ఎనిమిదో నెల దాటుతోంది. మావారు ఆఫీసులో కూర్చుని ఇళ్ళకోసం ఫోన్లు చేశారు. మళ్ళీ అదే వంటల వాసన, అదే సారీ.

ఆ వారంలోనే అక్కకు బాగా లేదని కబురొచ్చి ఆంటీ వాళ్ళ ఊరు వెళ్ళింది. తాత ముందు అరటిపండ్ల గెల ఒకటి పెట్టి, మా వైపు వేలు చూపించి "డోంట్ టచ్" అని చెప్పి మరీ వెళ్ళింది.

ఆమె వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం గేటు ముందు లారీ ఆగింది. ఆంటీ మరిది దిగాడు. వెనక గునపాలతో ఇద్దరు కూలీలు. ఆ ఇంట్లో అతనికీ భాగముంది, అమ్మేద్దామని పట్టు. తాత కదిలిన రోజే నేనూ కదులుతానని ఆంటీ ఫోన్‌లో అతని మీద అరవడం చాలాసార్లు విన్నాను. అందుకే ఆమె లేని రోజు చూసుకుని వచ్చాడు. నన్ను చూసి నవ్వాడు. "షీ చేజ్ యూ అవుట్, రైట్? దిస్ థింగ్ గో, షీ గో. యూ ఆల్ కెన్ స్టే లా" అన్నాడు.

"ఏందే అంటున్నాడు?" అన్నారు అత్తగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ ఇంట్లో మింగకుండా చేసిన మొదటి అనువాదం అదే. ఆవిడ కాసేపు కూలీల వైపు, గునపాల వైపు చూశారు.

"ఉద్వాసన చెప్పకుండా మనం చవితి మట్టి వినాయకుణ్ణే కదపం. ఇంటామె లేకుండా చూసి గునపాలేసుకొచ్చాడా? ఆమె వచ్చినాక రమ్మను."

"అత్తయ్యా, ఆమె మనల్ని పొమ్మంది. ఇతను ఉండమంటున్నాడు."

"అయితే? దానికీ నాకూ పోట్లాట. అది మా ఇద్దరిదీ. మధ్యలో వీడెవడు?"

అంటూనే వంటింట్లోంచి ప్లాస్టిక్ స్టూలు తెచ్చి, బొమ్మరింటి కాళ్ళకు ఆనుకుని కూర్చున్నారు. "ఆంటీ, నాట్ యువర్ గాడ్ వాట్!" అని అతను అత్తగారి మీద గొంతు పెంచాడు. "గాడూ లేదు గీడూ లేదు. లెయ్యను" అన్నారు ఆవిడ. అతను నా మీద అరిచాడు, పోలీసులను పిలుస్తానన్నాడు. "పిలుచుకోమను" అన్నారు. కూలీలు గునపాలు గోడకు ఆనించి నీడకు పోయారు. అత్తగారిని చెయ్యి పట్టి లేపే ధైర్యం ఎవరికీ లేదు. నేను కూడా పక్కన నిలబడ్డాను. ఇంతలో ఆకాశం నల్లబడి ఒక్కసారిగా కుండపోతగా వాన. ఆవిడ గొడుగు తెప్పించుకున్నారే గాని లేవలేదు. చివరికి అతను లారీ ఎక్కి, తలుపు దభాలున వేసుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ వస్తాడేమోనని ఆంటీ తిరిగొచ్చేదాకా ఆ స్టూలు అక్కడే ఉంది. అరటిపండ్లు నల్లబడ్డాయి, మల్లెదండ ఎండింది. రెండో పొద్దున అత్తగారు ఒక పళ్ళెంలో పులిహోర, పక్కన గోంగూర పచ్చడి పెట్టుకుని బయలుదేరారు. ముట్టుకోవద్దందని గుర్తు చేశాను. "పస్తున్న ముసలాళ్ళ ఎదురుగా నేనెట్టా తినేది? దణ్ణం పెట్టను, అన్నం పెడతా" అన్నారు. గోరింకలు వచ్చి పళ్ళెం ఖాళీ చేసేవి. ఆవిడ దాన్ని తాత ఖాతాలోనే వేశారు.

ఆంటీ తిరిగి వచ్చింది. లారీ సంగతి గేటు దగ్గరే పక్కింటివాళ్ళు చెప్పేశారు. మాకు మంచిమాట ఒకటైనా దక్కుతుందని ఎదురుచూశాను. ఆమె నేరుగా బొమ్మరింటి దగ్గరకు వెళ్ళి, పళ్ళేన్ని, ఎర్రగా మరకలైన గచ్చును చూసి, "హూ టోల్డ్ యూ టచ్?" అని అరిచింది. ఏనుగులతో సహా అంతా కడిగింది. అగరొత్తులు వెలిగించి, మా తలుపు వైపు చెయ్యి చూపిస్తూ తాతకు చాలాసేపు ఏవో సంజాయిషీలు చెప్పుకుంది. తర్వాత నా దగ్గరకు వచ్చి, "టెల్ హర్. టూ మచ్ చిల్లీ. గ్రాండ్‌ఫాదర్ ఓల్డ్ ఆల్రెడీ" అంది.

చెప్పాను. "ఆయనొచ్చి చెప్పాడా దానికి? పళ్ళెం ఖాళీ చేశాడుగా!" అన్నారు అత్తగారు.

నెలాఖరు వచ్చింది, వెళ్ళింది. ఖాళీ చేయమన్న మాట ఆమె ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. అంతమాత్రాన స్నేహం కుదిరిందనుకుంటే పొరపాటు. మల్లెమొగ్గల దగ్గర మర్నాడే మళ్ళీ మొదలు. పాపను ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు ఆంటీ మెట్ల మీదనుంచే చూసి, "సో స్మాల్" అని మొహం తిప్పుకుని పైకి వెళ్ళింది. అత్తగారు ఊరికి బయలుదేరిన రోజు ఇద్దరూ గేటు దగ్గర ఎదురుపడి, ఒకరు కుడికీ ఒకరు ఎడమకీ చూశారు.

మేము బుకిట్ పంజాంగ్‌కు మారిన కొన్నేళ్ళకు ఆంటీ ఫోన్ చేసింది. అదే గట్టి గొంతు. ఇల్లు అమ్మేశారట, తను తన ఊరు వెళ్ళిపోతోందట. స్వామిని పిలిపించి, చెప్పవలసిన మాటలన్నీ చెప్పించి, తాతను పద్ధతిగా సాగనంపిందట. "యూ టెల్ యువర్ మదర్ ఇన్ లా. ప్రాపర్‌లీ డన్" అని, నేను బాగున్నానా అనైనా అడగకుండా పెట్టేసింది. ఒంగోలుకు ఫోన్ చేసి చెప్పాను. "పొద్దున పంపిందా, సాయంత్రం పంపిందా?" అని మాత్రం అడిగారు అత్తగారు. కనుక్కోలేదన్నందుకు నన్ను కోప్పడ్డారు.

ఇప్పుడు ఆ ఇద్దరిలో ఎవరూ లేరు. నేను అప్పటి అత్తగారి వయసుకు దగ్గరపడుతున్నాను. మా అంతస్తులో అందరూ లిఫ్టులో నవ్వుతారు. ఎవరితోనూ ఒక్క మాట తేడా లేదు, ఎవరి పేరూ తెలియదు. ఒక మనిషి మీద అంత శ్రద్ధగా, అంత ఓపికగా కోపం పెట్టుకునే తీరికను కాలం ఆ ఇద్దరికే ఇచ్చి, మా దాకా రాకుండానే దాటిపోయింది.