చాయ్‌లో తీపి తక్కువైన ఆదివారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో హోటలు అన్న మాటను కాస్త గొంతు తగ్గించి పలికేవారు. గోదావరి జిల్లాలో చర్చీ, మిషన్ స్కూలూ ఉన్న ఒక చిన్న ఊరు మాది. సర్కారు ఆఫీసులో గుమాస్తా అయిన నాన్నకు బదిలీ కావడంతో అందరం హైదరాబాదు వచ్చి పడ్డాం. నాంపల్లి స్టేషన్‌కు దగ్గరలో ఒక సందు, ఆ సందులో ఒక పాత ఇల్లు, ఆ ఇంట్లో మాకు రెండు గదుల వాటా. నాకప్పుడు పదేళ్లు.

మాతోపాటు మా తాతయ్య కూడా వచ్చారు. ముప్పయ్యేళ్లు మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసిన మనిషి. ఇస్త్రీ పంచె, మెడ దాకా గుండీలు పెట్టుకున్న చొక్కా, చేతిలో వానాకాలం, ఎండాకాలం అన్న తేడా లేకుండా ఒక గొడుగు. దుకాణం బోర్డు మీద తెలుగు తప్పుగా రాసి ఉంటే లోపలికి వెళ్లి చెప్పి వచ్చేవారు. చెప్పించుకున్నవాళ్లు నవ్వినా, విసుక్కున్నా ఆయనకు పట్టేది కాదు. బయటి తిండి మాత్రం ఆయన దగ్గర నిషిద్ధం. ఎవరు వండారో తెలియని అన్నం నోట పెట్టకూడదు. అది ఇంటిల్లిపాదికీ చట్టం.

నాకేమో కొత్త ఊరు ముందుగా ముక్కుకే పరిచయమైంది. బడికి వెళ్లే దారిలో ఇరానీ హోటలు ఉండేది. లోపల పాలరాతి బల్లలు, గాజు సీసాల్లో గుండ్రటి బిస్కెట్లు. తలుపు లేని ఆ గుమ్మం ముందు నుంచి పోతుంటే కాగి కాగి చిక్కబడ్డ పాల వాసన వచ్చి మీద పడేది. అక్కడి నుంచి పది అడుగులు వేస్తే మిరపకాయ బజ్జీల బండి. మలుపు తిరిగితే పెనం మీద వెన్న కరుగుతున్న దోసెల బండి. ఆగి చూడటానికి కూడా లేదు, తాతయ్య చెయ్యి పట్టుకుని లాగేసేవారు. నాలుగు నెలలయినా ఈ ఊళ్లో ఒక్క గుమ్మం లోపలికీ నేను అడుగు పెట్టలేదు.

తాతయ్యకు షుగరు వ్యాధి ఉండేది. రోజూ పొద్దున్నే అమ్మ గాజు సిరంజిని గిన్నెలో వేసి మరిగించేది, నాన్న ఇంజెక్షన్ చేసేవారు. సూది వేసుకున్నాక వేళకు తినకపోతే ప్రమాదమని, చెమటలు పట్టి తూలుతుంటే వెంటనే పంచదార నోట్లో వెయ్యాలని డాక్టరు చెప్పారట. అమ్మ ఒక కాగితం పొట్లంలో పంచదార కట్టి చొక్కా జేబులో పెట్టుకోమని తాతయ్యకు ఎన్నోసార్లు ఇచ్చింది. "జేబులో పంచదార వేసుకు తిరగడానికి నేనేమన్నా పసివాణ్ణా?" అని ఆయన ప్రతిసారీ దాన్ని అలమారాలో పెట్టి వెళ్లిపోయేవారు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక అమ్మా నాన్నా ఎవరినో పరామర్శించడానికి సికింద్రాబాదు వెళ్లారు. ఇంట్లో అన్నం, కూర మూతపెట్టి ఉన్నాయి, తాతయ్యా నేనూ నేరుగా ఇంటికి పోయి తినాలి. కానీ దారిలో ఆబిడ్స్ ఉంది. ఆదివారాలు అక్కడ మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. తాతయ్యకు పాత పుస్తకం కనబడితే ఇక లోకం కనబడదు. ఒక గుట్ట దగ్గర గొంతుక్కూర్చుని, అది అయ్యాక మరో గుట్ట, ఆ తర్వాత ఇంకో గుట్ట. నాకు కడుపులో ఎలకలు పరుగెత్తుతున్నాయి. ఎండ నడినెత్తి దాటింది. రెండుసార్లు "వెళ్దాం తాతయ్యా" అన్నాను. రెండోసారి ఆయన పలకలేదు.

తొంగి చూశాను. ఆయన చేతిలో ఏదో వ్యాకరణ పుస్తకం ఉంది. తలకిందులుగా పట్టుకున్నారు. అలాగే పట్టుకుని పేజీలు తిప్పుతున్నారు.

డిసెంబరు చలి రోజులవి. అయినా ఆయన నుదుటి నుంచి చెమట బొట్లు బొట్లుగా కారి పుస్తకం మీద పడుతోంది. పుస్తకం తడుస్తోందని అమ్మే మనిషి గదమాయించాడు. తాతయ్య దాన్ని అతని మీదికి విసిరేశారు. అంతవరకు తాతయ్య పుస్తకం విసరడం కాదు, పేజీ కొస మడత పెట్టడం కూడా నేను చూడలేదు. లేచి, చచ్చిపోయిన మా మేనత్త పేరుతో నన్ను పిలిచి, గబగబా నడవడం మొదలుపెట్టారు.

నేను వెనక పరుగెత్తాను. ఆయన అడుగులు తిన్నగా పడటం లేదు. రోడ్డుకు అడ్డంగా దిగిపోయారు. ఆటో ఒకటి కీచుమని ఆగింది, డ్రైవరు తల బయట పెట్టి తిట్టాడు. నేను ఆయన పంచె చెంగు పట్టుకుని బలంకొద్దీ ఇటు పక్కకు లాగాను. ఆయన నా చెయ్యి విదిలించి కొట్టారు. ఎవరో నవ్వారు. "పట్టపగలే ఎక్కింది ముసలాయనకు" అని ఒకరు, "చిన్న పిల్లను ఎంబడేసుకొని తాగుడేంది?" అని ఇంకొకరు. మా తాతయ్య తాగరని అరవాలనుకున్నాను. కానీ ఆయన అప్పటికే ముందుకు సాగిపోయారు, వెనకే పరుగెత్తాను.

ఎలాగో నాంపల్లి వైపు రోడ్డు దాకా వచ్చాం. అక్కడ ఒక మూసిన దుకాణం అరుగు మీద ఆయన కూలబడ్డారు. గొడుగును కర్రలా పట్టుకుని, దగ్గరికి వచ్చిన వాళ్లందరి మీదికీ ఎత్తుతున్నారు. చేతులు వణుకుతున్నాయి. అప్పుడు నాకు డాక్టరు మాట గుర్తొచ్చింది. ఎదురుగా ఒక ఇరానీ హోటలు ఉంది. నాలుగు నెలలుగా ఏ గుమ్మమైతే ఎక్కకూడదో అలాంటి గుమ్మమే ఎక్కి, గల్లా దగ్గర కూర్చున్న పెద్దమనిషి ముందు నిలబడి "పంచదార! పంచదార కావాలి!" అని అరిచాను.

ఆయన "క్యా?" అన్నాడు. నేను మళ్లీ అరిచాను. ఆయన పక్కవాడి వైపు చూశాడు, వాడు భుజాలెగరేశాడు. నాకు తెలిసింది ఆ ఒక్క మాటే. బల్లల మీద కప్పుల్లో, గాజు సీసాల్లో, నా చుట్టూ అంతా తీపే ఉంది. దాని పేరు మాత్రం వాళ్లకు తెలిసేలా నాకు రాదు. ఎవరో భిక్షం అడుగుతున్నాననుకుని నా చేతిలో ఒక బిస్కెట్ పెట్టారు. దాన్ని పట్టుకుని బయటికి పరుగెత్తాను. తాతయ్య నోటి దగ్గర పెడితే పళ్లు బిగించేశారు. బిస్కెట్ కింద పడి ముక్కలైంది. చుట్టూ జనం పోగయ్యారు. పోలీసును పిలవమని ఎవరో అంటున్నారు. ఇక తాతయ్య చచ్చిపోతారని నాకు అర్థమైపోయింది. అక్కడే నిలబడి ఏడ్చేశాను.

అప్పుడు జనాన్ని మోచేతులతో తోసుకుంటూ ఒకావిడ వచ్చింది. పక్క సందు మొదట్లో రెండు బల్లలు వేసుకుని పూరీలు, చాయ్ అమ్మే మనిషి. యాభై దాటి ఉంటాయి. మోచేతుల దాకా పిండి, నుదుటి మీద రూపాయంత బొట్టు.

"ఏమైంది బిడ్డా? ఏం గావాలె నీకు?"

"పంచదార" అన్నాను ఎక్కిళ్ల మధ్య.

"షక్కరా?" అంది ఆవిడ. ఆ మాట పంచదార పేరేనని తట్టి నాకు ఊపిరి వచ్చింది. "ఎవలకు? గాయనకా? సూది తీసుకుంటడా?"

తల ఊపాను. "మా తాతయ్య హెడ్మాస్టరండీ. తాగరండీ" అన్నాను. ఏ మాట ముందు చెప్పాలో, ఏది తర్వాత చెప్పాలో తెలియలేదు.

"ఎర్కనే బిడ్డా, తాగలే గాయన. మా ఆయనకు గిట్లనే అయితుండె." ఆవిడ జనం వైపు తిరిగింది. "జరుగున్రి, జరుగున్రి! తమాషానా ఏంది? గాలి రానియ్యున్రి."

గ్లాసులో చాయ్ పోసి, చెంచాల కొద్దీ పంచదార కలిపి తెచ్చి ఆయన నోటికి అందించింది. తాతయ్య చేత్తో కొట్టారు. గ్లాసు ఎగిరి నా గౌను మీద పడింది. వేడికి కేక పెట్టాను. ఇద్దరు మగవాళ్లు ముందుకొచ్చి, చేతులు పట్టుకుని నోరు తెరిపించి చాయ్ పోద్దామన్నారు. తాతయ్య వాళ్ల మీదికి గొడుగెత్తారు. కళ్లలో ఎంత భయమో. అది కోపం కాదు, భయం. ఎవరో తనను పట్టుకోవడానికి వస్తున్నారని ఆయన అనుకుంటున్నట్టుంది.

ఆవిడ వాళ్లను చేత్తో ఆపింది. నా గౌను ఎత్తి కాళ్లు కాలాయేమో చూసి, తన కొంగుతో తుడిచింది. తర్వాత లోపలికెళ్లి ఇంకో గ్లాసు తెచ్చింది. ఈసారి ఆయన నోటి దగ్గరకు తీసుకెళ్లలేదు. రెండడుగుల దూరంలో నిలబడింది. కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది, బళ్లో పంతులు ముందు నిలబడ్డ పిల్లలా.

"పంతులు సాబ్" అంది మెల్లగా. "జర నా చాయ్ చూసి చెప్పున్రి. ఈళ్లంత షక్కర సరిగ లేదని లొల్లి వెడుతున్రు. సదువుకున్నోళ్లు మీరు, మీరు చెప్తె ఇంటరు."

తాతయ్య గొడుగు అలాగే గాల్లో ఉంది. ఆవిడ ముఖంలోకి చూశారు. చాలాసేపు చూశారు. ఆయన లోపల ఎక్కడో, ఆ వణుకు కింద, ఆ చెమట కింద, ముప్పయ్యేళ్లు తప్పులు దిద్దిన మనిషి ఇంకా మేలుకుని ఉన్నట్టున్నాడు. గొడుగు దించి చెయ్యి చాచారు.

ఒక గుక్క తాగారు. "తక్కువైంది" అన్నారు ముద్దగా.

"తక్కువైందా? అయ్యో" అని ఆవిడ ఇంకో రెండు చెంచాలు వేసింది. "గిప్పుడు?"

రెండో గుక్క, మూడో గుక్క. "ఇంకా తక్కువే."

"ఔ సార్, మీరన్నదే కరెక్టు." ఇంకో చెంచా. ఆ గ్లాసులో అప్పటికే చాయ్ కంటే పాకమే ఎక్కువ. ఆయన రుచి చూస్తూ, తల అడ్డంగా ఊపుతూ, చివరి చుక్క దాకా తాగారు. ఆవిడ ఇంకో గ్లాసు తెచ్చి "ఇది వేరే డికాక్షన్ సార్, ఇది కూడ చూడున్రి" అంది. అదీ తాగారు.

ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. పావుగంట అయి ఉంటుంది. జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు. తాతయ్య చేతుల వణుకు తగ్గింది. జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు. నా వైపు చూసి, నా పేరుతో, నా సొంత పేరుతో పిలిచి, "టైమెంతయిందే?" అన్నారు. నేను ఆయన ఒళ్లో తల పెట్టి మళ్లీ ఏడ్చాను.

ఆయన కళ్లు నా గౌను మీద మరక దగ్గర ఆగాయి. "ఇదేమిటి?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపు ఆవిడే అందుకుంది. "నా చేతిలకెళ్లి జారింది సార్. ఏమనుకోకున్రి."

పూరీలు వేడిగా ఉన్నాయి, తినిపొమ్మంది. తాతయ్య ఒక్క క్షణం ఆ బల్ల వైపు, మూకుడు వైపు, ఆవిడ చేతుల వైపు చూశారు. తర్వాత లోపలికి నడిచి బల్ల ముందు కూర్చున్నారు. ఎప్పటిలాగే కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. ఆ రోజు ప్రార్థన చాలా పొడుగైంది. పూరీ, ఆలుగడ్డ కూర, పక్కన పచ్చిమిరపకాయ. నగరంలో నేను తిన్న మొదటి బయటి తిండి అదే. దాని రుచి చెప్పమంటే చెప్పలేను. నేను తాతయ్య నోటి వంకే చూస్తూ కూర్చున్నాను, ముద్ద లోపలికి పోతోందా లేదా అని.

తాతయ్య ఇంటి దారి పట్టారు. మా సందు దగ్గర ఆగి, "నేను నిన్ను ఏమన్నా అన్నానా?" అని అడిగారు. మా ఇంట్లో అబద్ధం ఆడటం పెద్ద తప్పు. "చాయ్‌లో తీపి తక్కువైందన్నారు, అంతే" అన్నాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆయన నా చెయ్యి తీసుకుని, ఇందాక తను కొట్టిన చోట మెల్లగా నిమిరారు. అప్పుడు తెలిసింది, ఆయనకు కొంతైనా గుర్తుందని.

మర్నాటి నుంచి ఎవరూ చెప్పకుండానే పంచదార పొట్లం జేబులో పెట్టుకున్నారు. ఆ తర్వాతి ఆదివారం ఆయనే నన్ను ఆ సందుకు తీసుకెళ్లారు. ఆవిడ మమ్మల్ని చూసి, "ఇయ్యాల షక్కర సరిపోయిందా సార్?" అని అడిగింది. తాతయ్య తాగి చూసి, "ఎక్కువైంది" అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత బజ్జీల బండి, దోసెల బండి, ఆ గల్లా పెద్దమనిషి ఇరానీ హోటలు కూడా ఒక్కొక్కటీ చూశాం. వండేదెవరో తెలుసుకోవాలని తాతయ్య ప్రతిచోటా పేరు అడిగి పలకరించేవారు. ఊరు మాకు అలా సొంతమైంది.

ఇప్పుడు నాకు తాతయ్య వయసు దాటింది. వాళ్లెవరూ లేరు. రోడ్డు మీద ఎవరైనా తూలుతూ కనబడితే నేను పక్కకు తప్పుకోను. దగ్గరికెళ్లి పొద్దున్నుంచి ఏం తిన్నారని అడుగుతాను. తిట్టించుకున్న రోజులూ ఉన్నాయి, ఫర్వాలేదు. ఇంకో సంగతి మాత్రం నేర్చుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. మంచంలో ఉన్నవాళ్లకు, మతి తప్పినవాళ్లకు, మొండికేసినవాళ్లకు ఏదైనా పెట్టాల్సి వచ్చినప్పుడు నేను వాళ్ల మీదికి వంగను. రెండడుగుల దూరంలో నిలబడి, వాళ్లకు బాగా తెలిసిన విషయమేదో చూసుకుని, నాకు తెలియడం లేదు, మీరు చెప్పండి అంటాను. వాళ్లు చెయ్యి చాచేదాకా ఆగుతాను.