చెంబెడు గంజి

నిన్న తిరుపతి బస్టాండు వెనక సందులో ఎవరో గంజాయి దమ్ము కొడుతున్నారు. పచ్చి ఆకు కాలుతున్నట్టుండే ఆ ఘాటు వాసనకు నా కాళ్లు ఆగిపోయాయి. మా చిన్నాయన చొక్కా ఇదే వాసన వేసేది.

మాది సత్యవేడు దగ్గర పల్లె. అరవం కలిసిన మా మాటల్లో గంజాయిని ‘గంజా’ అనేవాళ్లు. నా చిన్నప్పుడు ఒకరోజు నాయన మా అవ్వతో గట్టిగా అన్నాడు: “నీ సిన్నకొడుకు గంజా లేకపోతే బతకలేడుమా. ఇంక వాణ్ణి ఇంట్లోకి రానీయొద్దు.”

నాకది ‘గంజి’ అని వినబడింది. గంజి అడిగినందుకు మనిషిని తరిమేస్తారా అని ఏడుపొచ్చింది.

మర్నాడు అమ్మ అన్నం వార్చగానే, గంజిలో ఉప్పేసుకుని చెంబుతో చిన్నాయన ఉండే చెరకు తోట దగ్గరికి పోయాను. మోటారు షెడ్డులో చిన్నాయన ఎర్రటి కళ్లతో గోడకానుకుని ఉన్నాడు.

“ఏంది పాపా ఇది?”

“గంజి లేకపోతే నువ్వు బతకలేవంట కదా సిన్నాయనా. రోజూ నేను తెస్తాలే.”

ఆయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు. చెంబెత్తి గటగటా తాగాడు. “సెంబు ఈడనే ఉండనీ, కడిగి పెడతా” అన్నాడు.

మర్నాడు పోతే షెడ్డులో ఎవరూ లేరు. కడిగిన చెంబు గుమ్మం దగ్గర బోర్లించి ఉంది. చిన్నాయన మళ్లీ ఎవరికీ కనబడలేదు.

గంజాకీ గంజికీ తేడా పెద్దయ్యాక తెలిసింది. నిన్న సందులోకి తొంగి చూస్తే, ఎవరో బక్కపలచటి కుర్రాడు.

“అన్నం తిన్నావా నాయనా?” అని అడిగాను.