కడగని గిన్నెలో పుట్టిన బీరు

బెంగళూరులో మా మేనల్లుడు బలవంతంగా నన్నొక బీరు పండుగకు తీసుకెళ్లాడు. గేటు దాటగానే పులిసిన బార్లీ వాసన తగిలింది. దానితోపాటే అక్కడ లేని కిరోసిన్ హీటరు వాసన, మాసిన దుప్పట్ల వాసన కూడా వచ్చాయి. వేదిక మీద ఒకాయన తమ ఊరి బీరు ఎలా పుట్టిందో చెబుతున్నాడు. మొదట కాచిన ముత్తాత పేరు, బార్లీ తెచ్చినవాడి పేరు, చివరికి పీపాలు చేసిన వడ్రంగి పేరు కూడా చెప్పాడు. జనం ఒక్కో పేరుకూ చప్పట్లు కొట్టారు. వడ్రంగికి కూడా చోటిచ్చారు. నాకు మాత్రం ఎక్కడా చోటు లేకపోయింది.

ఎనభైల మొదట్లో నేను కువైట్‌లో, అబ్బాసియాలో, రొట్టెల బేకరీలో పనిచేసేవాణ్ణి. మాది రాయచోటి పక్క పల్లె. మా బ్యాచిలర్ గదికి పెద్ద సూర్రావన్న. కోనసీమ మనిషి, అక్కడి అమ్ఘరా షెడ్లలో వెల్డింగు పని. నేను దిగిన రోజు చోటు లేదని అందరూ మొహం తిప్పుకుంటే, ఆయనే తన మంచం పక్కన చాప పరిచాడు. "ఇక్కడ పడుకో. గురక పెట్టావో, గెంటేస్తాను, ఆయ్" అన్నాడు. అరబీలో నాలుగు ముక్కలు, వీసా ఇచ్చిన కఫీల్ ముందు తల దించకుండా నిలబడడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అంతవరకూ ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను.

అక్కడి చలికి ఇడ్లీ పిండి పొంగదు. అందుకని బేకరీ నుంచి ఈస్టు ముద్ద తెచ్చి పిండిలో కలిపేవాణ్ణి. ఒకసారి నీళ్ల ట్యాంకరు రాలేదు. పిండి గిన్నె కడగకుండానే, భోజనాల్లో మిగిలిన మాల్టు పానీయం అందులో పోశాను. అంగళ్లలో మత్తు లేకుండా అమ్మే రకం అది. చేదుగా ఉందని చక్కెర కలిపి, మూత పెట్టి, హీటరు పక్కన మరిచిపోయాను. కొన్నాళ్లకు మూత తనంతట తానే లేచింది. సూర్రావన్న వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఓరినీ. ఇది బీరురా" అన్నాడు.

బీరు చేసినా తాగినా జైలే అయిన దేశం అది. అయినా ప్రతి చలికాలం ఒక శుక్రవారం మధ్యాహ్నం మా గదిలో బీరు పుట్టినరోజు జరిగేది. బీరు పులియబెట్టిన డబ్బాకు పూలదండ వేసేవాళ్లం, మాంసం వండేవాళ్లం. బీరు పుట్టిన కథ సూర్రావన్న పూర్తిగా చెప్పేదాకా ఎవరూ గ్లాసు ముట్టకూడదు. ఆ కథలో చక్కెర పాళ్లు కుదిర్చింది ఆయన, వాసన పట్టింది ఆయన. నా వంతు వచ్చేసరికి, "ఎవడో చవట గిన్నె కడగలేదు లెండి" అనేవాడు. అందరూ నన్ను చూసి నవ్వేవాళ్లు.

మూడో ఏడు నేను డబ్బాకు అడ్డంగా నిలబడ్డాను.

"ఆ చవటకు పేరుండాది కదన్నా. ఓబులేసు అని చెప్తే నీ సొమ్మేం పోతాది?"

"కథ నాదిరా. నాకు నచ్చినట్టు చెప్పుకుంటాను."

"ఈస్టు నాది, గిన్నె నాది. కథ నీదెట్లయితాది?"

"ఒరే, దాహంతో చచ్చిపోతున్నాం. నీ పేరు తర్వాత చెక్కించుకుందువుగాని, కూర్చోరా" అన్నాడు మంచం మీద నుంచి ఒకడు. నేను కూర్చోలేదు. అలా వాదించుకుంటుండగానే తలుపు కొట్టారు. పోలీసులు.

అందరి నోళ్లూ వాసన చూశారు. ఎవరూ ఒక్క చుక్క ముట్టలేదు. నా తగాదా వల్లే ముట్టలేదు. ఆ సంగతి ఆ గదిలోవాళ్లెవరూ ఈరోజు వరకూ అనలేదు. పోలీసు డబ్బా మీది పూలదండ పీకి, ఇది చేసిందెవరని అడిగాడు. సూర్రావన్న లేచి, తన వచ్చీరాని అరబీలో మొదలుపెట్టాడు: చక్కెర నేనే, గిన్నె నేనే, అంతా నేనొక్కణ్ణే. ఎప్పటి కథే. ఎప్పటిలాగే నా నోరు లేచింది. "అన్నా" అన్నాను.

ఆయన నా వైపు తిరగలేదు. పోలీసు మొహంలోకే చూస్తూ తెలుగులో అన్నాడు. "నోర్ముయ్, ఓబులేసూ. ఈ కథలో నువ్వు లేవు."

ఆ కథ చెబుతూ ఆయన నా పేరు పలకడం అదే మొదలు, అదే ఆఖరు. చెప్పులు వేసుకోనివ్వకుండానే తీసుకెళ్లారు. కొన్ని నెలలు జైల్లో పెట్టి ఇండియా పంపేశారని విన్నాను. ఆ తర్వాత అమలాపురం నుంచి వచ్చినతను, ఆయన పోయాడని చెప్పాడు. నేను మాత్రం ఆ దేశంలో ఏళ్ల తరబడి పనిచేసుకున్నాను, ఇల్లు కట్టుకున్నాను. నన్నొక మాట అడగకుండానే నా బదులు వెళ్లాడు. ఆ కోపం నాకింకా పోలేదు.

మేనల్లుడు గ్లాసు చేతికిచ్చి, "కువైట్‌లో ఇవేం దొరకవు కదా మామా?" అన్నాడు.

"దొరకవు. మేమే చేసినాం" అన్నాను. "సూర్రావు అని ఒకాయన, నేను."

వాడు నమ్మలేదు, నవ్వాడు. నవ్వితే నవ్వనీ. కథ చెప్పేటప్పుడు రెండు పేర్లూ చెప్పాలి. ఆయన ఒక్కటే చెప్పాడు.