వేపమండ తిరిగి కట్టిన మిస్

ఉతికిన బట్టలు ఆరేసే ముందు దండెం తీగను తడిగుడ్డతో తుడుస్తాను. గుడ్డ ఎర్రబడుతుంది. తడిసిన ఇనుప ధూళి వాసన ముక్కుకు తగులుతుంది. భిలాయిలో పుట్టి పెరిగినవాళ్ళకు ఇదేమీ వింత కాదు. అయితే ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఉక్కు ప్లాంటు కాదు, వీపు మీద అడ్డంగా ఎర్రటి చారతో బడికి బయలుదేరిన ఒక తెల్లచీర.

ఆ చీర మార్గరెట్ మిస్‌ది. ఐర్లండ్ నుంచి వచ్చి మా మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పేవారు. క్యాంప్ 2 బస్తీలో మా ఇంటి మేడ మీద గదిలో అద్దెకు దిగారు. నేను దేవుణ్ని నమ్మను. మత ప్రచారం గురించి ఘాటుగానే రాశాను, అందులో ఒక్క వాక్యం కూడా వెనక్కి తీసుకోను. మిస్ మాత్రం దేవుడే పంపాడన్న నమ్మకంతో అంత దూరం వచ్చారు. అయినా నాకు వాదించడం నేర్పిన ఇద్దరిలో ఒకరు ఆవిడ. రెండో మనిషి మా బాబాయి.

తెల్లగా ఉన్నవాళ్ళంతా రష్యావాళ్ళేనని అప్పట్లో మా ఊరి నమ్మకం. ప్లాంటు కట్టడానికి వచ్చినవాళ్ళను చూసిన కళ్ళు మరి. కూరగాయల బండి అతను "ఆయియే, రూసీ మేడమ్" అని పిలిచేవాడు. "నేను రష్యా కాదు భయ్యా" అని మిస్ హిందీలో మొత్తుకుంటే, "ఫరక్ క్యా హై మేడమ్, టమాటర్ తో వహీ హై" అని, ఎవరైతేనేం టమాటా అదేగా అన్నట్టు తూకం వేసేవాడు. పొద్దున్నే కొళాయి వచ్చి పోయేదాకా మిస్‌కు మెలకువ వచ్చేది కాదు. చివరికి మా మామ్మ కింద నుంచి కేక పెట్టడం మొదలుపెట్టింది. "ఓ మిస్సమ్మా! కొళాయి ఒచ్చింది, దిగు!"

తెల్లచీర సంగతి కూడా మామ్మే కనిపెట్టింది. గేటు దగ్గర మిస్‌ను ఆపి, "ఓలమ్మో, ఏటమ్మా ఆ ఈపు? రైలు పట్టా మీద ఆరేసేవేటి సీర?" అంది. తుడవని తీగ మీద ఆరేసిన తడిచీర ధూళినంతా పీల్చుకుంది. మరొకరైతే సిగ్గుపడి మేడెక్కిపోయేవారు. మిస్ అక్కడే నిలబడి, "సిఖాయియే, మామ్మా" అన్నారు. నేర్పించమని.

మామ్మకు హిందీ అంతంత మాత్రమే. ఆ మాట మాత్రం అర్థమైంది. మా ఇంట్లో అంతవరకు ఎవరూ ఆమెను ఏదీ నేర్పమని అడగలేదు. నాన్న ఆమె మాటలు వినేవాడు కాదు, బాబాయి ఖండించేవాడు, పిల్లలం నవ్వేవాళ్ళం. ఆ రోజు నుంచి దండెం తుడవడం, గంజి వార్చడం, గుమ్మం ఎక్కే ముందు కాళ్ళు కడుక్కోవడం, అన్నీ మిస్ మామ్మ దగ్గరే నేర్చుకున్నారు. తెలుగు కూడా. అందుకే ఆవిడది మా విజయనగరం పల్లెల తెలుగు. ఆ ఐరిష్ గొంతుతో "కూరేటి మామ్మా?" అని అడిగితే మా అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయేది.

ఆ వేసవిలో నాకు ఆటలమ్మ పోసింది. మామ్మ గుమ్మానికి వేపమండ కట్టింది. ఇంట్లో తాలింపు ఆగిపోయింది. బయటివాళ్ళు రాకూడదు, మందు వేయకూడదు, సూది అసలే పొడిపించకూడదు, అమ్మవారికి కోపం వస్తుంది. పొక్కులు మాడుతున్నాయనుకుంటున్న సమయంలో దగ్గు మొదలైంది. జ్వరం మళ్ళీ ఎగబాకింది. ఊపిరి తీస్తే పక్కటెముకల కింద పొడిచేది. నాన్న షిఫ్టులో ఉన్నాడు. అమ్మ ఏడవడం తప్ప ఏమీ చేయలేకపోతోంది.

బాబాయి ప్లాంటులో ఫిట్టరు, సాయంత్రాలు హేతువాద సభల్లో వక్త. నా రాతల్లో నిప్పంటూ ఉంటే అది ఆయన పెట్టిందే. ఆ మధ్యాహ్నం డ్యూటీ నుంచి వస్తూనే వేపమండ పీకి వీధిలోకి విసిరాడు.

"అమ్మోరు లేదు, గిమ్మోరు లేదు! క్రిమి అది! పిల్లని సంపేత్తావేటే?"

"కొడుకువని ఊరుకుంటన్నాను" అంది మామ్మ. "నా పేణం పోయేక పొడిపించు సూదులు!" నా గదిలోకి వచ్చి లోపలి నుంచి గడియ వేసేసింది.

అమ్మవారు లేదు. క్రిమి ఉంది, మందూ ఉంది. బాబాయి అన్న ప్రతి మాటా నిజమే. ఆ నిజం తలుపు బయట నిలబడిపోయింది, నేను లోపల ఉన్నాను.

తర్వాత జరిగింది కిటికీ లోంచి చూశాను. మిస్ మేడ దిగి వచ్చారు. చెప్పులు విడిచారు, కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కున్నారు. వీధిలో పడి ఉన్న వేపమండ తెచ్చి గుమ్మానికి మళ్ళీ కట్టారు.

"మీరు కూడానా మిస్?" అని బాబాయి వెటకారంగా అన్నాడు.

ఆవిడ నా గది తలుపు దగ్గరకు వచ్చారు. "మామ్మా, గుంట ఊపిరి సూడనియ్యి. సూత్తాను, అంతే." గుంటంటే నేనే, మామ్మ భాషలో ఆడపిల్ల.

గడియ తీసిన చప్పుడైంది. మిస్ నా వీపుకు చెవి ఆనించి చాలాసేపు విన్నారు. "డాక్టర్ని తెత్తాను మామ్మా."

"అమ్మోరికి కోపమొత్తే?"

"అది నాకు తెలీదు. ఈ గుంటకి ఊపిరి సాలట్లేదు, అది తెలుసు. డాక్టర్ని తెచ్చేది నాను కదా, కోపమొత్తే నా మీదకి రానీ."

మామ్మ ఆవిడ ముఖంలోకి చూసింది. "నీ మీదకెందుకే, అయినోళ్ళని ఒదులుకొచ్చిన పిల్లవి. ఎల్లు, తే. కాళ్ళు కడుక్కుని రమ్మను ఆ డాక్టర్ని."

బాబాయి స్కూటరు వెనక మిస్ ఒక పక్కకు తిరిగి కూర్చున్నారు. "మీ దేవుడు స్కూటరెక్కుతాడా మిస్?" అని అప్పుడు కూడా అడిగాడు మా బాబాయి. "ముందు బండి తియ్యి, దెబ్బలాట తరవాత" అన్నారావిడ.

డాక్టరు కాళ్ళు కడుక్కునే వచ్చాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకిందని, ఇంకా ఆలస్యం చేసి ఉంటే కష్టమయ్యేదని ప్లాంటు ఆస్పత్రికి తీసుకువెళ్ళాడు. బతికాను.

నేను కోలుకున్నాక మామ్మ అమ్మవారికి చద్ది నైవేద్యం పెట్టింది. మిస్ నిక్కచ్చిగా చెప్పేశారు. "పెసాదం తినను మామ్మా. అన్నమైతే తింతాను." మామ్మ నొచ్చుకుంటుందని అందరం బిగుసుకుపోయాం. ఆమె నవ్వి, మిస్ కోసం వేరే గిన్నెలో పెరుగన్నం కలిపింది.

దెబ్బలాట మేడమెట్ల మీద చాలాకాలం సాగింది. నమ్మనప్పుడు వేపమండ ఎందుకు కట్టారని బాబాయి నిలదీశాడు. "అది నాదీ కాదు, నీదీ కాదు. మామ్మది" అన్నారు మిస్. ఆలోచించి చెబుతానన్నాడు బాబాయి. మిస్ ఐర్లండ్ వెళ్ళిపోయే రోజు దాకా ఆ జవాబు రాలేదు.

మొన్న మా పక్క వీధిలో ఒక గుమ్మానికి వేపమండ కనబడింది. లోపల పసివాడి దగ్గు, వాణ్ని ఊరుకోబెడుతున్న ఒక ముసలామె గొంతు. మా హేతువాద సంఘం కుర్రాళ్ళు కరపత్రాలతో బయలుదేరారు. వాళ్ళను వీధి చివర ఆగమన్నాను. చెప్పులు విడిచాను, కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కున్నాను. గాలికి మండ ఊడి కింద పడి ఉంది. తీసి కట్టబోతే ముడి నిలవలేదు.

"మామ్మా" అని తలుపు తట్టాను. "ఇది ఎలా కట్టాలో కాస్త నేర్పుతావా?"

లోపల గడియ కదిలింది.