ఏ గుంపులోనూ పడని ముప్పై ఏడు మంది

మా ఆఫీసులో గుంపులన్నయ్యకు ఒక్కటే పిచ్చి. కంటపడినదాన్నల్లా గుంపులుగా విడదీసి లెక్కపెట్టాలి. ఏ గుంపులోనూ ఇమడనివి ఎన్నో కూడా తేల్చాలి. అది తేలందే ఆయనకు ముద్ద దిగదు.

ఒకసారి చొక్కాకు గుండీ ఊడిందని వదిన గుండీల డబ్బా తెమ్మందట. గంటైనా మనిషి రాలేదు. వెళ్లి చూస్తే మంచం నిండా కుప్పలు.

"తెల్లవి నలభై రెండు, నల్లవి పంతొమ్మిది. ఈ మూడూ ఏ రంగో తేలట్లేదు," అన్నాడట గంభీరంగా.

"నాకు కావలసింది ఒక్క గుండీ అండీ!"

"ఏ గుంపులోది?"

ఆ రోజు ఆఫీసుకు గుండీ లేని చొక్కాతోనే వచ్చాడు.

లిఫ్టెక్కినా అంతే. "పైకి ఆరుగురు, కిందికి ఇద్దరు. మీరెటో చెప్పలేదు?" అని ముక్కూమొహం తెలియనివాళ్లను నిలదీసేవాడు. ఆ బాధ పడలేక సగంమంది మెట్లెక్కేవారు.

ఇళ్లకు మందులు చేర్చే సంస్థకు మేం సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. డేటాబేస్‌లో రోగికొక రికార్డు. అన్నీ ఒకే అచ్చులో ఉండవు. ఒకదానిలో పేట పేరు ఉంటుంది, మరొకదానిలో ఆ ఊసే ఉండదు. రోగులను పేటలవారీగా గుంపులు చేసి లెక్క తెచ్చే కోడ్ నేను రాశాను. ఆ గుంపులను బట్టే వ్యాన్లు కదులుతాయి.

మేనేజరు తెర చూసి మొహం చిట్లించాడు. "అంతా బాగుంది గానీ, చివర్లో ఈ పేరులేని గడేంటయ్యా? ముప్పై ఏడట. చూడ్డానికి బాలేదు, తీసెయ్."

పేట లేని రికార్డులను వదిలేయమని కోడ్‌లో ఒక్క వరుస చేర్చాను. తెర కడిగిన అద్దంలా తయారైంది. నా భుజం నేనే తట్టుకున్నాను.

గుంపులన్నయ్య వచ్చి, నిలబడే కూడికలు మొదలుపెట్టాడు. "మొత్తం పన్నెండు వందల నలభై మంది. నీ గుంపులన్నీ కలిపితే పన్నెండు వందల మూడు. మిగతావాళ్లేరిరా తమ్ముడూ?"

"వాళ్లకి పేట లేదన్నయ్యా."

"పేట లేకపోతే మనిషి లేడా?"

"వచ్చే నెల చూద్దాంలే," అన్నాడు మేనేజరు తన గదిలోంచే. అన్నయ్య ముప్పై ఏడు అని అరచేతిలో రాసుకుని వెళ్లిపోయాడు.

తర్వాత నాలుగు రోజులు భోజనాల దగ్గర కనిపించలేదు. మెట్ల మీద కూర్చుని ఫోన్లో గుసగుసలాడుతున్నాడని తెలిసి, వదినతో గొడవ పడినట్టుంది, బతిమాలుకుంటున్నాడు పాపం అని అందరం నవ్వుకున్నాం. ఐదో రోజు నేను అటుగా వెళ్తే ఆయన గొంతు వినబడింది.

"అమ్మడానికి కాదమ్మా. మీ గుండె మాత్రలు ఇంకా ఎన్ని ఉన్నాయి? మంగళవారం దాకేనా? మీ పేట పేరు చెప్పండి, రాసుకుంటా."

నేను చేర్చిన ఒక్క వరుస ఈమె గుమ్మానికి వ్యాన్ రాకుండా చేసింది. చచ్చేంత సిగ్గేసింది.

ముప్పై ఆరుగురికి ఫోన్ చేసి, రికార్డుల్లో పేటలు నింపేశాడట.

"నాకు చెప్తే నేనూ చేసేవాణ్ణిగా అన్నయ్యా!"

"ఇప్పుడు చేద్దువుగానీ పద. ఒకాయన ఫోనెత్తట్లేదు."

మందు రాసిచ్చిన డాక్టరు దగ్గర వాకబు చేసి ఇల్లు పట్టుకున్నాం. ఓ ముసలాయన తలుపు తీశాడు.

"ఫోనెత్తరేం తాతగారూ?" అని అరిచాడు అన్నయ్య.

"మోగితే నాకు వినపడద్దూ?" అని ఆయన మామీదే విరుచుకుపడ్డాడు. చేతిలో మాత్రల పట్టీ ఉంది. రెండే మిగిలాయి.

సోమవారానికి పేట లేనివాళ్లు ఒక్కరూ లేరు. ఒక గుంపులో ఎవరూ లేకపోతే డేటాబేస్ ఆ గుంపునే చూపించదు. అందుకని నా పాత వరుస కొట్టేసి, సున్నా అయినా సరే ఆ గడి చూపించమని విడిగా కోడ్ రాశాను.

"ఎవరూ లేరుగా, ఈ ఖాళీ గడెందుకయ్యా?" అన్నాడు మేనేజరు.

"రేపెవరైనా వస్తే కనబడాలి కదా సార్," అన్నాను.

గుంపులన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "గడి ఉంచాలనేవాళ్లు ఇద్దరు. తీసెయ్యాలనేవాళ్లు ఒకరు. ఏ మాటా చెప్పనివాళ్లు సున్నా. మనమే నెగ్గాం సార్."