చేటెడు తవుడు

అనసూర్య చేతుల్లో పెరిగిన పిల్లలు ఇప్పుడు ఏయే దేశాల్లో ఉన్నారో ఆమెను అడిగి లాభం లేదు. "ఆ ఊర్ల పేర్లు నాకు నోరు తిరగయి. ఎవలకు ఏ కూర ఇష్టమో అడుగుండ్రి, చెప్త," అంటుంది. కరీంనగర్‌లో అమ్మానాన్నలు లేని పసివాళ్ళను ఉంచే ఒక శిశుగృహంలో ఆమె ఆయా. సుల్తానాబాద్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తుంది, పొద్దుగూకే వేళకు బస్సెక్కి పోతుంది. "పిల్లలెంతమందమ్మా?" అని అడిగేవాళ్ళకు మన బస్సుల్లో ఎన్నడూ కొదవ లేదు. "గంపెడు," అని చెప్పి కిటికీ వైపు తిరుగుతుంది. అది పొగరనుకునేవాళ్ళు అనుకోనీ. కడుపున ఒక్కరూ పుట్టని మనిషి, ఊళ్ళోవాళ్ళ జాలి తినకుండా బతకడానికి ఆ మాత్రం పొగరు ఉండాల్సిందే.

ఆ గంపెడులో భూమిక ఒకతి. బొడ్డు ఊడకముందే వచ్చింది. ఎడమ చేతికి వేళ్ళు సగం సగమే. పెంచుకుంటామని వచ్చిన ఇక్కడి దంపతులు కొందరు ఆ చెయ్యి చూసి, ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి చెబుతామని వెళ్ళి మళ్ళీ రాలేదు. వాళ్ళింట్లో పెద్దవాళ్ళు ఇంకా ఆలోచిస్తున్నారు కాబోలు. అనసూర్య మాత్రం ఆ చేతికే ముందుగా అన్నం ముద్ద పట్టడం నేర్పింది. భూమిక ఆమెను "అవ్వా" అని పిలిచేది. ఆ వైపు కన్నతల్లిని పిలిచేది ఆ మాటతోనే.

పిల్లలకు అనసూర్య నేర్పే మొదటి మర్యాద, ఇంటికి వచ్చినవాళ్ళకు మంచినీళ్ళివ్వడం. గేటు చప్పుడైతే చాలు, భూమిక స్టీలు గ్లాసుతో పరుగెత్తేది. సగం నేల తాగేది, సగం చుట్టం తాగేవాడు. ఆఫీసర్లకూ, గ్యాస్ బండ తెచ్చినవాడికీ, ఫ్యాన్ బాగుచేసేవాడికీ అందరికీ ఇచ్చింది. అనసూర్యకు మాత్రం ఎన్నడూ ఇవ్వలేదు. ఇంటి మనిషికి ఎవరిస్తారు?

భూమికకు రెండు దాటి మూడు వస్తుండగా, ఇటలీ నుంచి జూలియా, లూకా అనే దంపతులు వచ్చారు. వాళ్ళ ఊళ్ళో రొట్టెల దుకాణం నడుపుతారట. ఆ చెయ్యి చూసి జూలియా దాన్ని ముద్దుపెట్టుకుంది. అనసూర్యకు ఆ క్షణమే ఆమె నచ్చింది, ఆ క్షణమే ఆమె మీద అసూయా పుట్టింది. కలెక్టరాఫీసులో దత్తత ఖాయమైంది, పిల్ల పాస్‌పోర్టు ఒక్కటే రావాలి. అది చేతికొచ్చేదాకా వాళ్ళు ఊళ్ళోనే కశ్మీర్‌గడ్డలో జబ్బార్ సాబ్ మేడ మీది పోర్షను కిరాయికి తీసుకుని, పిల్లతో కాపురం మొదలుపెట్టారు.

శిశుగృహంలో దత్తత పనులు చూసే రోజారాణి అనసూర్యను పక్కకు పిలిచింది. "అక్కా, నువ్వు పగటిపూట ఆడికి పో. పిల్ల వాళ్ళకు అలవాటయ్యేదాక జర తోడుండు."

పిల్ల అలవాటు కాలేదు. లూకా గడ్డం చూసి కాసేపు నవ్వేది గాని, జూలియా గిన్నె పట్టుకుంటే మూతి బిగించేది. ఒక ఊరికంతా రొట్టెలు పెట్టే మనిషి ఒక్క పిల్ల నోట్లో ముద్ద పెట్టలేకపోయింది. పొద్దున లేచింది మొదలు పిల్ల కళ్ళు తలుపు మీదే. అనసూర్య చెప్పుల చప్పుడు వినగానే మెట్ల దగ్గరికి ఉరికేది. ఆమె అక్కడే మెట్టు మీద కూలబడి, పిల్లను ఒళ్ళో వేసుకుని, తన డబ్బాలోని పప్పన్నం గబగబా తినిపించేది. పిల్ల పస్తుంటే ప్రాణం ఒప్పొద్దూ? అదేదో పొద్దుటి పూజ అనుకుని లూకా మర్యాదగా పక్కకు తప్పుకునేవాడు.

ఒక మధ్యాహ్నం భూమిక జూలియా చేతిలోని గిన్నెను తోసేసింది. గోడంతా పప్పు. జూలియా బాత్రూంలోకి వెళ్ళి నల్లా పూర్తిగా తిప్పింది. ఆడవాళ్ళు నల్లా తిప్పేది బట్టలుతకడానికి ఒక్కదానికే కాదని అనసూర్యకు తెలుసు. గోడ తుడుస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. పాస్‌పోర్టు ఇవాళో రేపో వస్తుంది. అప్పటికీ ఇట్లాగే ఉంటే, పిల్ల పరాయి మనిషి చేతుల్లో గుక్కపట్టి ఏడుస్తూ విమానం ఎక్కుతుంది. అక్కడ 'అవ్వా' అంటే పలికేవాళ్ళెవరు?

ఆ సాయంత్రం ఇంటికి పోయి మొగుడికి చెప్పింది. మొండయ్య రైస్ మిల్లులో పనిచేస్తాడు. ఎన్ని నీళ్ళు పోసుకున్నా చెవుల వెనక తవుడు వదలదు.

"తప్పు నాదేనయ్యా. మెట్లకాడ నేనే కడుపు నింపవడితి. ఇగ ఆమె చేతి బువ్వ ఎట్ల తింటది?"

మొండయ్య చెవి వెనక తవుడు దులుపుకున్నాడు. "మా అవ్వకు నా ముందు ఇద్దరు దక్కలే. నేనన్న దక్కాలె అని నన్ను చాటల ఏసి పెంట మీద పెడితే ఎదురింటి పెద్దవ్వ ఎత్తుకపోయిందట. మా అవ్వ పోయి తవుడు పోసి కొనుక్కున్నది."

"గది ఎరికే గద."

"ఎరికలేనిది చెప్త, ఇను. ఆ పెద్దవ్వ బతికినన్నొద్దులు మల్ల నన్ను ఎత్తుకోలే. పండుగకు గారెలు పంపేది. నేను తింటాంటె తలుపు సాటుకు నిలవడి చూసేది. అమ్మినంక మల్ల చెయ్యేస్తే పోరడు ఎటు గాకుంట అయితడని భయం."

మర్నాడు బస్సులో అనసూర్య ఒళ్ళో ఒక చేట, సంచీలో మిల్లు తవుడు ఉన్నాయి.

మేడ మీదికి వచ్చి సంగతి విన్న రోజారాణి నెత్తి పట్టుకుంది. "అమ్ముడు, కొనుడు అన్న మాట ఈ మేడ దిగి బయటికి రానియ్యకు అక్కా. నా నౌకరి పోతది." అయినా జూలియాకు ఇంగ్లీషులో అంతా విడమరిచి చెప్పింది. జూలియా చాలాసేపు విని ఒక్కటే అడిగింది: ఇచ్చేసినామెకు బాధ కాదా అని.

"కాదని ఎవలన్నరు?" అంది అనసూర్య. "ఉత్తగ ఇస్తే మల్ల గుంజుకోబుద్ధయితది. తవుడు తీసుకున్నంక గుంజుకునేతందుకు నాకు మొఖముండదు."

చేటలో తవుడు పరిచి భూమికను కూర్చోబెట్టి గడప మీద పెట్టింది. పిల్లకు అది ఆట. గుప్పెళ్ళతో తవుడు తీసి లూకా గడ్డం మీద చల్లింది. జూలియా పిల్లను ఎత్తుకుని, సంచీలో మిగిలిన తవుడు దోసిళ్ళతో అనసూర్య కొంగులో పోసింది. సరుకూ తనదే, ధర కట్టిన తవుడూ తనదే. ఇంత తెలివితక్కువ బేరం కరీంనగర్ బజారులో ఇంకెవరూ చేసి ఉండరు. అనసూర్య కొంగు ముడివేసుకుని, గడప ఇవతల చుట్టంలాగా కూర్చుంది.

ఆ తర్వాతి పనే కష్టమైంది. భూమిక వచ్చి కొంగు లాగింది. "అవ్వా, బువ్వ." అనసూర్య తన చేతులను తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. "మీ అవ్వ పెడ్తది, పో బిడ్డా," అంది. పిల్ల నమ్మలేనట్టు చూసింది. తర్వాత నేల మీద పడి దొర్లి ఏడ్చింది. అనసూర్య లేవలేదు. కూర్చున్నచోటి నుంచి జూలియాకు నోటితో, సైగలతో పాఠం చెప్పింది. చెంచా పారెయ్యి, కింద కూర్చో, చేత్తో కలుపు, నెయ్యి పొయ్యి. జూలియా పోసిన నెయ్యి మోచేతి దాకా కారింది. ఆ పూట పిల్ల తినలేదు. మర్నాడు ఆకలికి తాళలేక దగ్గరికొచ్చి, కారుతున్న ఆ నేతిని వేలితో తీసి నాకింది. తర్వాత నోరు తెరిచింది. జూలియా ముద్ద పెట్టింది గాని, ఎక్కడ బెదిరిపోతుందోనని పిల్ల ముఖంలోకి చూడనైనా చూడలేదు.

అక్కణ్ణుంచి అనసూర్య వెళ్ళడం తగ్గించుకుంటూ వచ్చింది. లూకా పొట్ట మీద పిల్ల నిద్రపోతోందనీ, జూలియా కనబడకపోతే వెతుక్కుంటోందనీ రోజారాణి చెబితే, "మంచిదే గద," అని పక్క పిల్లవాడి ముక్కు తుడిచేది. మనలో ఎంతమందిమి ఆ మాట అంత మామూలుగా అనగలం? నా మటుకు నేను అనలేను.

పాస్‌పోర్టు వచ్చింది. ప్రయాణం ముందురోజు అనసూర్య మేడ మెట్లెక్కింది. పిల్ల తన మీద పడి ఏడిస్తే ఏం చెయ్యాలో బస్సులో దారంతా అనుకుంటూనే వచ్చింది. చెప్పుల చప్పుడు విని భూమిక జూలియా ఒళ్ళోంచి దిగింది. తలుపు దగ్గరికి రాలేదు. లోపలికి పరుగెత్తింది.

తిరిగి వచ్చేటప్పుడు కురచ వేళ్ళ చెయ్యీ, నిండు వేళ్ళ చెయ్యీ రెండూ స్టీలు గ్లాసును గట్టిగా పట్టుకుని ఉన్నాయి. దారిలో సగం నీళ్ళు ఒలికాయి. మిగిలిన సగం అనసూర్యకు అందించి, వెనక్కి పోయి జూలియా ఒళ్ళో కూర్చుంది.

అనసూర్య గడప ఇవతల నిలబడి ఆ నీళ్ళు అడుగుదాకా తాగింది. "సల్లగుండు బిడ్డా," అంది. ఖాళీ గ్లాసు జూలియా చేతికిచ్చి మెట్లు దిగింది.

ఇంటికి పోయాక మొండయ్య అడిగాడు, పిల్ల బాగా ఏడ్చిందా అని.

"ఏడువలే. నాకు మంచినీళ్ళిచ్చింది," అని చెప్పింది. చెప్పాక అప్పుడు ఏడ్చింది.